కూరంటే ఏం కూర?

మా వాడకట్టు పిల్లలు ఇద్దరు ఈమధ్య పెద్ద హోటల్లో ఉద్యోగంలో చేరారు. మెడలో టై, జేబు మీద పేరు బిళ్ళ. ఒక పొద్దుటి పూట మా ఇంటికి వచ్చి కూర్చుని, "అమ్మమ్మా, నువ్వు గూడ హోటల్ల పని జేసినవట గదా. మీ కాలంల గెస్టును ఎట్ల రిసీవ్ చేసుకునేటోళ్లు?" అని అడిగారు.

"గెస్టు అనకపోయేటోళ్లం. సుట్టం అనేటోళ్లం" అన్నాను. వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అక్షరాలు నాకు తల సగం నెరిసినాక వచ్చాయి. అందుకే నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొట్టి వాక్యంలో అబద్ధం ఇమడదని మా పంతులు అనేవాడు. అది ఉత్తమాట. పొట్టి అబద్ధాలు నేను చాలా విన్నాను. కానీ ఇది మాత్రం జరిగిందే.

నర్సంపేట పోయే రోడ్డు మీద, ఊళ్ళన్నీ దాటినాక, మామిడితోట నడుమ ఒక బంగ్లా ఉండేది. ఎవరో దొర శికారు కోసం, అంటే వేటకు వచ్చినప్పుడు దిగడానికి, కట్టించుకున్నాడు. చుట్టూ వెడల్పాటి వరండా, లోపల మనిషి మీద మనిషి నిలబడ్డా అందనంత ఎత్తు కప్పు. అందరూ తోట బంగ్లా అనేవాళ్ళు. దొర పోయినాక చుట్టాలు అమ్మేయమన్నారు. దొరసాని వినలేదు. "ఇల్లన్నంక మనుషులు తినాలె, పండాలె. లేకుంటే అది గోదాం" అని, ఉన్న ఆరు గదులనూ హోటల్ చేసింది. ఆ రోజుల్లో అంత పెద్దింటి ఆడమనిషి హోటల్ నడపడమంటే ఊరంతా నోరు నొక్కుకుంది. ఆమె ఖాతరు చేయలేదు.

దొరల మీద నాకు మంచి జ్ఞాపకాలు తక్కువ. మా తాత వాళ్ళ వాకిట్లో చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డవాడు. అదే తీరు వాకిట్లో నేను జీతానికి నిలబడ్డాను, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఈ తేడా రాయకుండా ఆ ఇంటిని మెచ్చుకుంటే మా తాత ఊరుకోడు. రాశాను కదా, ఇక మెచ్చుకుంటాను.

మాది కొత్తవాడ. మా ఇంటాయన జంపఖానాలు నేసేవాడు. బంగ్లా గదుల్లో పరచడానికి దొరసాని మా ఇంట్లో జంపఖానాలు నేయించింది. వాటిని ఎడ్లబండి మీద వేసుకుని పోయి పరిచిందాన్ని నేనే. నేను మూలలు సరిచేస్తుంటే ఆమె వరండాలోంచి చూసి, "ఆడోళ్లు వస్తే వడ్డించెటందుకు ఆడమనిషి కావాలె. ఉంటవా?" అంది. ఉన్నాను. జంపఖానాలతో పోయినదాన్ని, జంపఖానాలు అరిగిపోయినాక కూడా అక్కడే ఉన్నాను.

అక్కడ బస చేయడమంటే ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఏసీ లేదు, టీవీ లేదు. పొద్దున కిటికీ తెరిస్తే మామిడిపూత వాసన మంచం దాకా వచ్చేది. రాగి బాయిలర్‌లో కాగిన నీళ్ళకు కట్టెల పొగ వాసన. మధ్యాహ్నం వట్టివేళ్ళ తడకల మీద నీళ్ళు చల్లితే గదులన్నీ చెరువు గట్టులా చల్లబడేవి. రాత్రి దోమతెర నాలుగు పక్కలా పరుపు కిందికి దోపి, "ఇగ పండుండ్రి" అని నేను దీపం తగ్గించి వచ్చేదాన్ని. కాజీపేటలో రైలు దిగి అలిసిన ముఖాలతో వచ్చినవాళ్ళు తెల్లారి వరండాలో టీ తాగుతుంటే, వేరే మనుషులేమో అనిపించేది. నిద్ర మనిషి ముఖాన్ని అంత మారుస్తుందని నేను అక్కడే చూశాను.

కానీ ఆ ఇంటి ప్రాణం పడకల్లో లేదు, వంటింట్లో ఉంది.

వంట చేసే ఆయన్ని నేను కాకా అనేదాన్ని. చిన్నప్పుడే శికారు గుడారాల్లో వంటవాళ్ళకు నీళ్ళు మోసి, చూసి చూసి వంట నేర్చాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. వంటింటి వెనుక చిన్న గది, అందులో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె. అదే ఆయన ఇల్లు. మాట తక్కువ. వంట బాగుందని ఎవరైనా కబురు పెడితే, "ఆకలి మీదుండె, అందుకే బాగుండె" అనేవాడు. వంటింటికీ భోజనాల గదికీ నడుమ గోడలో చిన్న కిటికీ ఉండేది, గిన్నెలు అందించడానికి. కాకా దాంట్లోంచి తినేవాళ్ళను చూసేవాడు.

"మూతి సూడకు బిడ్డా, మూతి మర్యాదకు నవ్వుతది" అనేవాడు నాతో. "చెయ్యి సూడు. కూర నచ్చితే చెయ్యి ఉరుకుతది."

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. బల్ల మీద ఎవరు ఏం తిన్నారో, ఏం తాగారో, ఎంత తిన్నారో మేము బయట అనకూడదు. ఒకసారి నేను ఒక పెద్ద ఆఫీసరు పన్నెండు పూరీలు తిన్నాడని నవ్వుతూ తోటమాలికి చెబుతుంటే, కాకా గరిటె పట్టుకునే వచ్చాడు. "మన బల్ల మీద తిన్నది మన గేటు దాటొద్దు. సుట్టం తిన్నది లెక్కబెట్టినోడు సుట్టాన్ని కొట్టినట్టే" అన్నాడు. నేను ఆ తర్వాత లెక్కపెట్టడం మానలేదు, చెప్పడం మానేశాను.

కొన్నేళ్ళు బాగా నడిచింది. తర్వాత దొరసానికి మోకాళ్ళు పట్టేశాయి. ఒక మేనేజర్‌ని పెట్టింది. హైదరాబాదులో హోటల్ చదువు చదివిన పిల్లవాడు. చెడ్డవాడు కాదు. తెల్లచొక్కా మీద చిన్న మరక పడినా మార్చుకునేవాడు, మా చేత కూడా మార్పించేవాడు. చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలో నాకు నేర్పింది అతనే. నాకు తెలుసనే అనుకునేదాన్ని, తెలియదు. కానీ అతనికి కాకా వంట నచ్చలేదు. అంటే, తినడానికి నచ్చేది. రెండు పూటలా వేళ్ళు నాకేవాడు. హోటల్‌కి పనికిరాదనేవాడు.

"ఊరి వంట ఇది. సూప్ రాదు, కట్‌లెట్ రాదు. పట్నం నుంచి కుక్‌ని తెప్పిద్దాం మేడం" అని దొరసానిని పోరేవాడు.

ఆమె ఎటూ తేల్చలేదు. ఆఖరికి ఒక ఎండాకాలం మొదట్లో, "సరే, ఆ రైల్వే సారు కుటుంబంతోటి వస్తాండట గద. వాళ్లు మెచ్చుకుంటే ముసలాయన ఉంటడు. మెచ్చుకోకుంటే నీ ఇష్టం" అంది.

ఈ రైల్వే సారు ఎవరో చెప్పాలి. కృష్ణా దిక్కు మనిషి, పెద్ద ఆఫీసరు. కాజీపేట, డోర్నకల్ తనిఖీలకు వచ్చినప్పుడల్లా రైల్వే వాళ్ళ రెస్ట్‌హౌస్ వదిలిపెట్టి మా దగ్గర దిగేవాడు. ఎప్పుడూ ఒక్కడే. ఆయన నోటి మాట మీద మిగతా ఆఫీసర్లు కూడా రావడం మొదలుపెట్టారు. అందుకే ఆయన మెప్పుకు అంత విలువ. ఆయన ఎందుకు మా దగ్గరికే వచ్చేవాడో నాకూ కాకాకూ మాత్రమే తెలుసు. మేనేజర్ చేరినాక సారు రావడం ఇదే మొదలు. చింతచిగురు వేసి వండిన మాంసం కోసం. ఆ కూర ముందు ఆయన చెయ్యి ఉరకడం కాదు, పరుగు పందెమే. పోయినసారి వెళ్తూ వెళ్తూ ఆ కిటికీ దగ్గరికి వచ్చి తల వంచి, "మళ్ళీ వచ్చినప్పుడు కూడా ఇదే కూర చెయ్యాలి పెద్దాయనా" అన్నాడు.

ఈసారి ఆయన డోర్నకల్‌లో పని చూసుకుని మధ్యాహ్నం భోజనం వేళకు వస్తానన్నాడు. భార్య, తల్లి పొద్దున్నే రైలు దిగి నేరుగా బంగ్లాకు వచ్చారు. మేనేజర్‌కి ఆయన ఫోన్‌లో, "మా అమ్మా, ఆవిడా వస్తున్నారు, భోజనం జాగ్రత్తగా చూడండి" అని మాత్రం చెప్పాడట. ఇంకో ముక్క చెప్పి ఉంటే నేను ఇది రాసే పనే ఉండేది కాదు.

ముసలమ్మ చిన్నగా, కొంగు నిండుగా కప్పుకుని ఉంది. నొసట విభూది. విభూది చూసి తెలుసుకోవద్దా అని తర్వాత మేనేజర్ నన్ను అడిగాడు. మా దిక్కు నొసట మూడు నామాలు పెట్టుకున్నవాళ్ళు కూడా ఐతారం వస్తే సంచి పట్టుకుని మాంసం దుకాణం ముందు నిలబడతారు. విభూది చూసి నేనేం తెలుసుకోవాలి?

ఆమెకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, "పగటీలికి ఏం జెయ్యమంటరమ్మా?" అని అడిగాను.

"ఎక్కువేం వద్దమ్మాయ్" అంది. "అన్నం, కూర, చారు. కూర ఒక్కటి కమ్మగా ఉంటే నాలుగు మెతుకులు తింటాను. నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు, రైల్లో నాకు సయించదు."

నేను పోయి కాకాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "కాకా, పెద్దమ్మ కూర ఒక్కటి కమ్మగుంటే సాలన్నది."

కాకా ముఖం వెలిగిపోయింది. "గంతే గద! సారు తల్లి గదా, నాలిక ఎక్కడికి పోతది? ఫికర్ జెయ్యకు" అని సైకిల్ మీద మాలిని మాంసానికి పంపాడు. తానే పోయి తోట వెనుక చింత కొమ్మ వంచి చిగురు దూసుకొచ్చాడు.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. మా దిక్కు కూరగాయను దాని పేరు పెట్టి పిలుస్తాం. వంకాయ, బెండకాయ, సోరకాయ. ఉత్త కూర అన్నామంటే మాంసమే. "ఇయ్యాల కూర తెచ్చిన" అంటే ఇంటిల్లిపాదికీ నోరూరుతుంది. ఆమె కూర అంది. నేను కూర అన్నాను. ఆయన కూర విన్నాడు. ఇందులో నా తప్పు ఉందని అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

సారు వచ్చాడు. ముగ్గురూ పొడుగు టేకు బల్ల ముందు కూర్చున్నారు. మేనేజర్ కొత్త చొక్కాతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గోడ కిటికీలో కాకా కళ్ళు. నేను పెద్ద గిన్నె తెచ్చి బల్ల నడుమ పెట్టి, మూత తీశాను. పొగ లేచింది. ఏం వాసన! ఇన్నేళ్ళయినా రాస్తుంటే నా నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి.

కోడలు పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ముసలమ్మ వంగి చూసింది. "ఏమిటమ్మాయ్ ఇది?"

"కూరమ్మా."

"ఏం కూర?"

"కూరనే అమ్మా."

"కూరేలే. ఏం కూరా అని?"

"చింతచిగురేసి వండిండమ్మా."

"చింతచిగురు సరే. మరి ఈ ముక్కలేమిటి?"

"ముక్కలే కూరమ్మా. చిగురు పులుపుకు ఏస్తరు."

ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవలేదు. కోడలు కుర్చీ గట్టిగా వెనక్కి తోసి లేచి నిలబడింది. "ఏమండీ! ఏమిటండీ ఇది? అత్తయ్యగారి ముందు పెట్టారు!" అంది భర్తతో. సారు పైకి, ఫ్యాన్‌కేసి చూస్తున్నాడు. ఆ ఫ్యాన్ తిరగడం లేదు. కరెంటు పొద్దున్నే పోయింది.

మేనేజర్ ఒక్క దుముకున వచ్చాడు. గిన్నె మీద మూత పెట్టి, "సారీ మేడం, సారీ అమ్మగారూ" అంటూ చేతులు జోడించి, కిటికీ వైపు తిరిగి కేకేశాడు. "ఏమయ్యా! బయటికి రా!"

కాకా భోజనాల గదిలోకి రావడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. భుజం మీది తువ్వాల తీసి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"శాకాహారుల ముందు మాంసం పెడతావా? నీకు బుద్ధుందా?"

"కూరన్నరు సార్. వండిన" అన్నాడు కాకా.

"కూర అంటే మాంసమా?"

"మా దిక్కు అంతే సార్."

అడిగి మరీ వండించుకున్న మనిషి అక్కడే కూర్చుని ఫ్యాన్ చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, తప్పు కాకా మీది నుంచి దిగిపోతుంది. నేను నోరు తెరిచాను. "మేనేజర్ సాబ్, పోయినసారి సారు..."

"బిడ్డా" అన్నాడు కాకా, నావైపు తిరగకుండానే. "అమ్మలకు మంచినీళ్లు తే."

"అది గాదు కాకా..."

"నీళ్లు తెమ్మన్న."

ఆ గొంతు నాకు తెలుసు. గరిటె పట్టుకుని మాలి దగ్గరికి వచ్చినప్పటి గొంతు. మన బల్ల మీద తిన్నది మన గేటు దాటొద్దు. తన గది, తన మంచం, తన పొయ్యి పోతున్నా ఆ మాట దాటడా ఈ మనిషి! నీళ్ళ చెంబు బల్ల మీద గట్టిగా కొట్టి పెట్టాను. కొన్ని నీళ్ళు సారు చొక్కా మీద పడ్డాయి. కావాలనే.

మేనేజర్ అన్నాడు, "రేపటి నుంచి నీకు ఈ వంటింట్లో పని లేదు. మేడంతో నేను మాట్లాడతాను."

కాకా తల ఊపాడు. "సరే సార్. రేపటి సంగతి రేపు. ఇయ్యాల్టి పని ఇంక కాలే" అన్నాడు. ముసలమ్మ వైపు తిరిగి, కొంచెం వంగి, "అమ్మా, రాత్రి నుంచి ఏం తినలేదట మీరు. ఈ ఇంట్లకెల్లి ఉపాసం పోయినోళ్లు లేరు. ఎండకాలం నీళ్లకని కొత్త కుండలు తెచ్చి పెట్టినం, ఇంక తడి గూడ తగల్లే. మామిడిచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి కొత్తగ పొయ్యి రాజేస్త. ఆ వంటింట్ల గిన్నె, గరిటె ఒక్కటి ముట్ట. మీకు నేను వండుడు ఇష్టం లేకుంటే, మీ కోడలమ్మ వండుతది, నేను దూరం నుంచి కట్టెలు అందిస్త. జరసేపు ఓపిక పట్టుండ్రి" అన్నాడు.

పని పోయిన మనిషి మాట అది. తన గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆమె ఆకలి గురించి మాట్లాడాడు.

సారు ఫ్యాన్ మీది నుంచి కళ్ళు దించి కాకాను చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. పెద్ద ఆఫీసరు, ఆయన వస్తే స్టేషన్లే లేచి నిలబడేవి. తల్లి ముందు బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

"తప్పు ఈయనది కాదమ్మా" అన్నాడు. "నేను ఇక్కడికి వచ్చినప్పుడల్లా తింటాను. మళ్ళీ ఇదే వండమని కిందటిసారి నేనే అడిగాను."

కోడలు కూర్చుండిపోయింది.

ముసలమ్మ కొడుకును కిందా మీదా చూసింది. "తెలుసులేరా" అంది.

"తెలుసా?"

"టూరు నుంచి వచ్చినప్పుడల్లా గుప్పెడు సోంపు నములుతూ గుమ్మంలో అడుగుపెడతావు. మీ నాన్నా అంతే. ఆయన యాలకులు నమిలేవాడు."

కోడలు ఒక్కసారి గిర్రున తిరిగింది. "అత్తయ్యా! మీకు తెలిసి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"వాడే చెబుతాడని చూశానే. ఇప్పటికి చెప్పాడు, అదీ ఈ పెద్దమనిషి కొంప మునుగుతుంటే." ముసలమ్మ కాకా వైపు తిరిగింది. "ఏమయ్యా, వీడు అడిగే వండించుకున్నాడని నీకు తెలుసుగా? ఎందుకు చెప్పలేదు?"

కాకా తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "సుట్టం తిన్నది చెప్పుడు మా పని గాదమ్మా. పెట్టుడు మా పని."

ముసలమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తర్వాత, "అయితే పెట్టు. మడీ గిడీ నేను కృష్ణ దాటినప్పుడే నీళ్ళలో వదిలేశాను. కోడలు వండితే ఇంటి దగ్గర రోజూ తినేదే, దానికి ఇంత దూరం ఎందుకు రావడం? కొత్త కుండ ఉందన్నావుగా, నువ్వే వండు. ఏమ్మాయ్, మీ ఊళ్ళో వంకాయలు దొరుకుతాయా?" అంది నాతో.

"పేరు పెట్టి జెప్తే అన్ని దొరుకుతయమ్మా" అన్నాను. ఆమె అప్పుడు నవ్వింది. ముందు రెండు పళ్ళు లేవు.

ఆ పూట వంట చూసి తీరాలి. మామిడిచెట్టు కింద మూడు రాళ్ళు. రెండు కొత్త కుండలు, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో అన్నం. మూడో కుండను కాకా అడ్డంగా పగలగొట్టి, ఆ పెంకును మూకుడు చేసి అందులో గుత్తివంకాయలు వేయించాడు. గరిటె లేదు కదా, మామిడి పుల్ల చెక్కి కలిపాడు. కోడలు మొదట వరండాలో ముఖం మాడ్చుకుని కూర్చుంది. తర్వాత మెట్ల మీదికి వచ్చింది. తర్వాత చెట్టు కిందికే వచ్చి, కుండ పెంకులో వంకాయ మాడకుండా ఎట్లా వేగుతోందని అడిగింది. "మాడుతదమ్మా, జర వాసన సూస్కుంట ఉండాలె" అన్నాడు కాకా.

గిన్నెలు ముట్టవద్దు కనుక కంచాలు కూడా పనికిరావు. మోదుగాకుల విస్తరులు కావాలి. అవి ఎవరు తెచ్చారనుకుంటున్నారు? మేనేజరే. తోట చివరి కాపలాదారు ఇంటికి ఉరికి, వాళ్ళ దగ్గర పెళ్ళికని కుట్టి పెట్టుకున్న విస్తరులు నెత్తి మీద పెట్టుకుని తెచ్చాడు. తెల్లచొక్కాకు చెమట, ఆకుల దుమ్ము. ఆ ఒక్కరోజు చొక్కా మార్చుకోలేదు. అతని మీద నాకున్న కోపం సగం అప్పుడే పోయింది.

వరండాలో మా ఇంటాయన నేసిన జంపఖానా పరిచాను. అత్తాకోడళ్ళు కూర్చున్నారు. కాకా కొత్త చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి వేసి, నీళ్ళలో కలిపి ఆకు దొన్నెల్లో పోశాడు.

"ఇదేమిటయ్యా? చారు కాచడం మర్చిపోయావు" అంది ముసలమ్మ.

"పచ్చిపులుసమ్మా. కాగబెట్టరు."

"కాచని చారా?" అనుమానంగా వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత అన్నంలో పోసుకుంది. నేను మూతి చూడలేదు. చెయ్యి చూశాను. నాలుగు మెతుకులు తింటానన్న ఆ చెయ్యి ఉరికింది. ఎన్నిసార్లు వడ్డించానో రాయను. గేటు దాటొద్దు.

సారు ఒక పక్కన నిలబడి ఉన్నాడు, తినాలో మానాలో తెలియక. ముసలమ్మే అంది, "అంత కష్టపడి వండాడు, పారబోస్తారా? వాడికి ఆ కూరే పెట్టండి. అటు, తోట వైపు తిరిగి తినమనండి."

సారు మాకు వీపు పెట్టి, మామిడిచెట్ల వైపు తిరిగి తిన్నాడు. ఆయన భార్య ఆ వీపును చూసి కాసేపు పళ్ళు బిగించింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని నేను గాభరాపడి నీళ్ళు పట్టుకుపోయాను. నవ్వాపుకోలేక పోతోంది. "ఆ చెయ్యి చూడమ్మా, ఇంట్లో నా వంటకి ఎప్పుడైనా అంత వేగంగా ఆడిందా?" అంది నాతో. అప్పుడు నాకు తెలిసింది, చెయ్యి చూసే విద్య కాకా ఒక్కడిదే కాదని. పెట్టే వాళ్ళందరికీ అది తెలుసు.

మర్నాడు పొద్దున వాళ్ళు బయల్దేరారు. ముసలమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "మళ్ళీ వస్తానయ్యా. ఈసారి కూర అనను. వంకాయ అంటాను" అంది కాకాతో.

"మీరేమన్న అనుండ్రమ్మా. ఈసారి నేను అడుగుత" అన్నాడు కాకా.

జీపు గేటు దాటింది. కాకా తన గదిలోకి పోయి ట్రంకుపెట్టె బయటికి లాగాడు. రేపటి సంగతి రేపు అన్నాడు కదా, ఆ రేపు వచ్చిందని ఆయన లెక్క. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. అంతలో మేనేజర్ వచ్చాడు. పెట్టెను చూశాడు, నన్ను చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు.

"ఈ పూట టిఫిన్ ఏంటి కాకా?" అన్నాడు.

అంతవరకు అతను కాకాను కాకా అని పిలవలేదు. సారీ అనే మాట గెస్టులకు రోజుకు పదిసార్లు చెప్పేవాడు, దానితో ఆ మాట అరిగిపోయి ఉంటుంది. కాకాకు చెప్పింది అరగని మాట. ముసలాయన పెట్టెను కాలితో మంచం కిందికి తోసి, "ఉప్మా చెయ్యన్నా, అట్లు పొయ్యన్నా?" అని అడిగాడు.

పట్నం కుక్ రాలేదు. మేనేజరే ఒకరోజు వంటింట్లో నిలబడి కాకాకు సూప్ నేర్పాడు. కాకా దాంట్లో మిరియాలు దంచి పోసి, అదీ తన దారిలోకి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మా బంగ్లాలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు దిగినా, ఏ ఊరివాళ్ళయినా, "కూర" అంటే నేను అక్కడే నిలబడి "ఏం కూర?" అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవారు. విసుక్కుంటే విసుక్కోనీ. కాకా చూపు మందగించి గరిటె పట్టలేకపోయినాక కూడా, ఆ వెనుక గదిలోనే ఉన్నాడు. దొరసాని ఉండమంది. మేనేజర్ రోజూ తన చేత్తో కంచం తీసుకుపోయి, ఆయన ముందు కూర్చుని, ఆయన చెయ్యి చూసేవాడు.

నా చదువు సంగతి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళకు మా కొత్తవాడలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. మగ్గాలు ఆపినాక ఆడవాళ్ళం పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. అక్షరాలయ్యాయి, గుణింతాలయ్యాయి. ఒకరోజు కుర్ర పంతులు నల్లబల్ల మీద రెండక్షరాలు రాసి నన్ను లేపాడు.

"చదువమ్మా."

కూడబలుక్కుని చదివాను. "కూ... ర. కూర."

"శభాష్. కూసో."

నేను కూర్చోలేదు. "ఏం కూర సారూ?"

"కూరంటే కూరే గదమ్మా!"

"గట్లనుకునే సారూ," అన్నాను, "ఒక ముసలాయన పెట్టె సర్దుకున్నడు."

ఆ పూట పాఠం ఇక సాగలేదు. మొత్తం చెప్పేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. ఆఖరున పంతులు నల్లబల్ల దగ్గరికి పోయి, కూర పక్కనే చిన్నగా ఒక వంకాయ బొమ్మ గీశాడు.